మూడోవంతు సంతకాలతో సరిపెట్టకు

చిరంజీవికి ఆశీస్సులు.

పాడేరు వైపు సామూహిక అటవీ హక్కుల పని, అంటే ఊరంతటికీ కలిపి అడవి మీద హక్కు ఇప్పించే పని, ఒప్పుకున్నావని తెలిసి సంతోషించాను. ముందు సభ సంగతి. అటవీ హక్కుల చట్టం నియమాలకు 2012లో వచ్చిన సవరణ ప్రకారం గ్రామసభలో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. ఊళ్లో పెద్దవాళ్లు 180 మంది అనుకో: కోరం, అంటే సభ చెల్లడానికి కావలసిన కనీస హాజరు, 90; అందులో ఆడవాళ్లు 30. కానీ 120 మంది వస్తే 30 చాలదు, 40 కావాలి. చాలామంది ఈ లెక్క దగ్గరే తప్పుతారు. తగ్గితే మర్నాడు రిజిస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు వేయించడం పాత జబ్బు. నువ్వు అలా చెయ్యకు, సభ వాయిదా వెయ్యి. సంత రోజు అసలే వద్దు. వేళ ఆడవాళ్లనే అడుగు.

అటవీ హక్కుల కమిటీలో 15 మంది ఉంటే కనీసం 5గురు ఆడవాళ్లు. పేర్లు మగవాళ్లను అడిగితే పెద్దమనుషుల భార్యలే వస్తారు. కట్టెలకీ అడ్డాకులకీ రోజూ కొండెక్కేది ఎవరో చూసి వాళ్లను కూర్చోబెట్టు.

అడవి నక్షా (పటం) గియ్యడానికి కొండ రెండుసార్లు నడవాలి. మగవాళ్లతో నడిస్తే శిఖరాలూ, గెడ్డలూ (వాగులూ), పక్క ఊరి పొలిమేరా తేలతాయి. కొండచీపురు ఏ వాలులో ఉందో, అడ్డాకు తీగ ఎక్కడ దట్టమో, ఎండాకాలంలోనూ ఇంకని ఊట ఏదో ఆడవాళ్లతో విడిగా నడిచినప్పుడే తెలుస్తుంది. రెండూ ఒకే కాగితం మీద రెండు రంగుల్లో గియ్యి. రంగులు కలవని చోటనే సభలో ఎక్కువసేపు ఆగు.

అడవి పెరగాలని కొండంతా మూసేసే తీర్మానాలు చూస్తుంటాం. పొయ్యి ఆగదు కదా! జరిమానా పడేది నెత్తిన మోపు ఉన్న మనిషికే. కొండను మూడు చెక్కలు చేసి ఒకటి మూసి, రెండు తెరిచి ఉంచండి. ఎండుపుల్లలు ఏరుకోవచ్చని తీర్మానంలోనే రాయించు, నోటిమాట నిలవదు. నాటడానికి నీలగిరి ఒక్కటే అడిగితే ఒప్పుకోకు. ఇప్ప, ఉసిరి, చింత, కానుగ కూడా జాబితాలో ఉండాలి.

నర్సరీలో సంచులు నింపేది ఆమె, డబ్బు పడేది ఆయన ఖాతాలో. మస్టరులో (కూలీల హాజరు పట్టీలో) పేరూ, బ్యాంకు ఖాతా పేరూ ఒకటేనా అని పని మొదలుకాక ముందే సరిచూడు.

వ్యక్తిగత పట్టాల్లో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని చట్టంలోనే ఉంది. చేతికిచ్చిన రోజే ప్రతి పట్టా పైకి చదివి వినిపించు. ఆమె పేరు లేకపోతే తీసుకోకుండా అక్కడికక్కడే దిద్దమని రాతపూర్వకంగా అడగండి.