ఏ స్టేషన్లో రైటర్?

ఆదోని

అమ్మాయీ,

నీ వ్యాసం చేరింది, 11 పేజీలు. 'అధికారం' అనే మాట వచ్చినచోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ పోయాను. మూడో పేజీకే 26 గీతలయ్యాయి, విసుగొచ్చి ఆపేశాను. కానిస్టేబుల్ చేతిలోంచి అరెస్టు అధికారం తీసేసి ఎస్సైలకే ఉంచాలనేవాళ్లకు నువ్విచ్చిన జవాబు ఇది. నాదీ నీ పక్షమే. అందుకే కోపం ఇంకాస్త ఎక్కువొచ్చింది. మనవైపు సాక్షే తడబడితే కడుపు మండదా?

"క్షేత్రస్థాయి పోలీసు వ్యవస్థ నిర్వీర్యమవుతుంది" అన్నావు. ఏదైనా నిర్వీర్యం కావడం నేనెప్పుడూ కళ్లతో చూడలేదు. నువ్వు చూశావా?

నాకు రాయడం నేర్పింది పోలీస్ స్టేషన్. నవ్వకు. 22 ఏళ్లప్పుడు మా బావి దగ్గర మోటారు పోయింది. అప్పటికి రెండు కథలు అచ్చయ్యాయి, కాలు నేల మీద లేదు. కరువూ రైతు కన్నీరూ కలిపి మూడు పేజీల ఫిర్యాదు రాసుకుపోయాను. స్టేషన్ రైటర్, అంటే అక్కడ రికార్డులు రాసే పోలీసు, మొత్తం చదివి, కాగితాలు నావైపు తోసి, "పైపు కోసినారా, విప్పినారా?" అన్నాడు. కోస్తే తొందరలో ఉన్న దొంగ. విప్పితే పానా తెచ్చుకున్నవాడు, పని తెలిసినవాడు. అది నేను చూడనేలేదు. మోటారు దొరకలేదనుకో. ఆ తర్వాత పెళ్లిచూపుల్లో పిల్లోడు రైటర్ అని చెబితే, కాబోయే అత్తగారు సంబరంగా "ఏ స్టేషన్లో నాయనా?" అని అడిగింది.

అప్పట్నుంచి నాదొకటే పట్టు. అధికారం అని రాయొద్దు, ఆ మనిషి ఏం చేయొచ్చో రాయి. ఆపొచ్చు. అడ్డుపడొచ్చు. పట్టుకోవచ్చు. చట్టం కూడా అట్లే మాట్లాడుతుంది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత తీసి చూడు. 35వ సెక్షన్లో, అక్కడ చెప్పిన సందర్భాల్లో 'ఏ పోలీసు అధికారి అయినా' వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. 168లో, నేరం జరగకుండా 'ప్రతి పోలీసు అధికారీ' అడ్డుపడొచ్చు. ఆ 'ఏ'లో, ఆ 'ప్రతి'లో ఉన్నాడు కానిస్టేబుల్. అక్కడ 'ఎస్సై హోదాకు తగ్గని' అని చేరిస్తే చాలు, బయటికి పోతాడు. గొడవంతా ఆ మూడు మాటల మీదే, నీ 11 పేజీల్లో అవే లేవు. చేరిస్తే ఏమవుతుందో తెలియాలంటే 1985 నాటి మత్తుపదార్థాల చట్టం 42వ సెక్షన్ చదువు. వారెంటు లేకుండా లోపలికిపోయి సోదా చేసే అధికారం ప్యూను, సిపాయి, కానిస్టేబుల్ కంటే పైహోదా వాళ్లకే. ఇంట్లో గంజాయి ఉందని బీట్ కానిస్టేబుల్‌కు తెలిసినా, పైవాళ్లు వచ్చేదాకా వీధిలో నిలబడి ఆ తలుపు చూస్తుండాలి. ఆ తలుపు రాయి.

ఒక దసరా రాత్రి కర్రల సమరం చూడ్డానికి దేవరగట్టు పోయాను. మాళమల్లేశ్వరుడి విగ్రహాలు కొండ దిగే వేళ. నెరణికి, కొత్తపేట వాళ్లు ఒకవైపు, మిగతా ఊళ్ల జనం ఇంకోవైపు. దివిటీలు, కర్రలు, ఒకటే కేకలు. నా పక్కన ఒక కానిస్టేబుల్. ఒక పిల్లోడి కర్ర పట్టుకుని, కొనకు తొడిగిన ఇనుప రింగు మెలితిప్పి ఊడబీకి, జేబులో వేసుకున్నాడు. కర్ర తిరిగి ఇచ్చేశాడు! ఎస్సై అక్కడికి కేకవేటు దూరంలో లేడు. ఉన్నా ఆ కేకల్లో వినపడదు. ఇది కథగా రాసి పంపితే ఒక ఎడిటర్ రింగు ముక్క కొట్టేసి, తలలు పగిలే సీను పెంచమన్నాడు. సీమ కథలో నెత్తురు కారకపోతే వాళ్లకు కథే కాదు. ఆ పత్రిక మూతపడింది, నాకేం బాధ కలగలేదు.

కిందివాడి చేతిలో అధికారం ఉంటే జనం మీద జులుం చేస్తాడనే ఎదుటివాళ్ల భయాన్ని మాత్రం రెండు లైన్లలో దాటేశావు, అది తప్పు. మన దత్తమండలాలు, అదే ఇప్పటి సీమ, మద్రాసు కింద ఉన్నప్పుడు, 1816 నాటి 11వ రెగ్యులేషన్ చిల్లర తగాదాల్లో ఊరిపెద్దకు 12 గంటలు నిర్బంధించే అధికారమిచ్చింది. 'తక్కువ కులం' వాడైతే 6 గంటలు బొండలో, అంటే కాళ్లు బిగించే కొయ్యలో. అదీ స్థానిక అధికారమే. బొండలో కూర్చున్నవాళ్ల మునిమనవలు నీ వ్యాసం చదువుతారు. అరెస్టు చేసేవాడి పేరు, హోదా బ్యాడ్జి మీద స్పష్టంగా కనబడాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చేయి నరకకుండా పేరు చూపించమనే దారి అది. దాన్ని పట్టుకుని వాదించు.

పోటీకి పంపాలా, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. తర్వాత చూద్దాం.

నాలుగో పేజీ అడుగున ఒక వాక్యముంది. "బందోబస్తు నుంచి వచ్చినాక లాఠీ తలుపు వెనక పెట్టి, స్నానం చేసేదాకా ఎవరితోనూ మాట్లాడడు." ఎవరు మాట్లాడరో రాయలేదు. కవర్ మీద పోలీస్ క్వార్టర్స్ అడ్రస్ చూశాక అర్థమైంది. 10 పేజీలు వెనక్కి పంపుతున్నాను. ఆ ఒక్కటీ నా దగ్గరే ఉంచుకున్నా. మళ్లీ రాసేటప్పుడు అక్కణ్ణుంచి మొదలుపెట్టు, మీ నాయనను అడిగి.