వివక్షా? విచక్షణా?

ప్రశ్న: ‘డిస్క్రిమినేషన్’ అంటే వివక్ష కదా. ఆ లెక్కన ‘ఇన్‌డిస్క్రిమినట్’ అంటే వివక్ష లేని అనే అర్థం రావాలి. మంచి మాటలాగే ఉంది. మరి కాల్పులకూ బాంబు దాడులకూ దాన్నెందుకు వాడతారు?

జవాబు: ఈ గోతిలో నేనూ పడ్డానమ్మా. సబెడిటర్‌గా చేరిన కొత్తలో ‘ఇన్‌డిస్క్రిమినట్ ఫైరింగ్’ను ‘నిష్పక్షపాతంగా కాల్పులు’ అని రాసిచ్చాను. మా చీఫ్ సబ్ ఆ కాగితం పైకెత్తి, “పక్షపాతం లేకుండా కాల్చడానికి వాళ్ళేమైనా జడ్జీలా?” అన్నారు. చాలాకాలం డెస్కులో నా పేరు ‘నిష్పక్షపాతం’.

చిక్కంతా ‘డిస్క్రిమినేట్’ అన్న క్రియలో ఉంది. దాని లాటిన్ మూలానికి వేరుచేయడం అని అర్థం. మంచిచెడులను వేరుచేసి చూస్తే విచక్షణ. మనుషులను వేరుచేసి కొందరిని చిన్నచూపు చూస్తే వివక్ష. మీరడిగిన విశేషణం మొదటి అర్థాన్ని పట్టుకుంది: విచక్షణ లేని, ఏదీ ఎంచి చూడని. పత్రికలవాళ్ళం ‘విచక్షణారహితంగా’ అని రాస్తాం కానీ, నాకు ‘ఎడాపెడా’ అన్నదే ఇష్టం. (అన్నట్టు, సంస్కృతంలో వివక్ష అంటే చెప్పాలన్న కోరిక. తెలుగులోకొచ్చి ఎలా మారిందో చూడండి.)

జలుబు వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ పనిచేసేది బ్యాక్టీరియా మీద. అయినా తుమ్మినప్పుడల్లా మింగేస్తుంటే అది ‘ఇన్‌డిస్క్రిమినట్ యూజ్’. చేతికందిన పుస్తకమల్లా చదివేసేవాణ్ని ‘ఇన్‌డిస్క్రిమినట్ రీడర్’ అంటే అందులో కాస్త వెక్కిరింపు ఉంటుంది. నన్నూ అన్నారు లెండి.

ఒక్కచోట జాగ్రత్త. ఫలానావాళ్ళనే వెతికి వెతికి చంపితే, అదెంత ఘోరమైనా ఈ మాట అతకదు. అక్కడ ఎంపిక ఉంది. యుద్ధ చట్టమూ ఈ తేడా పాటిస్తుంది. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ 51వ అధికరణం చూడండి. పౌరులనే గురిపెట్టి చేసే దాడి మీద నిషేధం ఒకటి. నిర్దిష్టమైన సైనిక లక్ష్యమంటూ లేకుండా చేసే దాడుల్లాంటి వాటికి ‘ఇన్‌డిస్క్రిమినట్’ అని పేరుపెట్టి, వాటి మీద విడిగా మరొకటి.

‘ర్యాండమ్’ కూడా ఇదే అనుకోకండి. ర్యాండమ్ శాంపిల్‌ను ఒక పద్ధతి ప్రకారం, లాటరీ తీసినట్టు తీస్తారు. దాన్ని ఇన్‌డిస్క్రిమినట్ అంటే సర్వే చేసినవాళ్ళు నొచ్చుకుంటారు.

పలికేటప్పుడు చివర ‘నట్’ అని తేల్చేయండి. ‘నేట్’ అని సాగేది క్రియ ఒక్కటే.