ఏళ్ళుగా వెళ్తున్న దీవి బీచ్ చేజారిపోతోందంటే, ఇంకోసారి వెళ్ళి చూడాలా, మానాలా?

వెళ్ళండి. వీలైనంత త్వరగా వెళ్ళండి.

మీరు అడిగినవి రెండు. పెళ్ళైన కొత్తలో నుంచి ఏటా వెళ్తున్న చిన్న దీవిలో జెట్టీ, రిసార్టులు వస్తాయని పేపర్లో చదివారు. కట్టకముందే ఒకసారి చూసి రావాలా, లేక మనసులో ఉన్నదాన్ని అలాగే ఉంచుకోవాలా అన్నది మొదటిది. ఏడాదికోసారి వచ్చిపోయే బయటివాళ్ళం, దీనికి మనం బాధపడటం సబబేనా అన్నది రెండోది. నాకూ అలాంటి తీరం ఒకటి ఉండేది. అది పోవడం దగ్గర నుంచి చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మాది చెన్నైలో పాత వాషర్‌మన్‌పేట. అమ్మమ్మవాళ్ళది సూళ్ళూరుపేట. ఈ రెంటి మధ్య రైలు దారికి తూర్పున, ఎన్నూరుకీ పులికాట్‌కీ నడుమ కాట్టుపల్లి అని సన్నటి పొడుగాటి దీవి ఉంది. దీవి అంటే నాలుగు పక్కలా సముద్రం ఉంటుందనుకోకండి. తూర్పున బంగాళాఖాతం, పడమట బకింగ్‌హామ్ కాలువ, దక్షిణాన కుశస్థలి నది సముద్రంలో కలిసే ఎన్నూరు క్రీక్, ఉత్తరాన పులికాట్ సరస్సు. సముద్రానికీ లోపలి నీళ్ళకీ మధ్య అడ్డుగా పడుకున్న ఇసుక గట్టు అది. దాని మీద తాటి చెట్లు, సరుగుడు తోటలు, కుప్పాలు అనే మత్స్యకారుల పల్లెలు.

మా చిన్న మామయ్య ఎన్నూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. క్రీక్ దగ్గర ఆయనకు ఒక పడవాయన స్నేహితుడు. సంక్రాంతి సెలవుల్లో పిల్లలందరినీ లోకల్ రైల్లో తీసుకెళ్ళి, ఆ పడవలో అవతలికి దాటించేవాడు. అప్పటికింకా అక్కడ పోర్టు లేదు. మెరీనాలో మనుషుల మధ్య సముద్రాన్ని చూసిన పిల్లలకు, ఒక్క మనిషి కూడా లేని బీచ్ ఉంటుందని నమ్మకం కుదరడానికే కొంతసేపు పట్టేది.

అక్కడ నాకు బాగా గుర్తున్నది సముద్రం కాదు, మంచినీళ్ళు. మధ్యాహ్నం దాహం వేస్తే పడవాయన భార్య మమ్మల్ని ఇసుక దిబ్బ వెనక్కి తీసుకెళ్ళేది. వంగి, రెండు చేతులతో ఇసుక తోడేది. మోచేతి లోతు దాటేసరికి అడుగున తడి కనిపించేది. పక్కల ఇసుక జారి పడకుండా అరచేత్తో అదిమి, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తేది. మొదట ఊరిన మడ్డి నీళ్ళు కొబ్బరి చిప్పతో తోడి పారబోసి, తేటపడ్డాక మళ్ళీ ముంచి ఒక్కొక్కరికీ ఇచ్చేది. దిబ్బకు అటు పక్క అలలు విరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉండేది. చేతిలో ఉన్నవి మాత్రం ఉప్పు ఛాయ కూడా లేని తియ్యటి నీళ్ళు. పెద్దయ్యాక తెలిసింది, వానాకాలంలో దిబ్బల్లో ఇంకిన నీరు ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి దాని పైన నిలబడుతుందట. దిబ్బ ఉన్నంతకాలమే ఆ చెలమ.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో పొద్దున్నే వెళ్తే ఇసుక మీద ట్రాక్టర్ టైరు నడిచినట్టు అచ్చులు కనిపించేవి. రాత్రి గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆలివ్ రిడ్లే తాబేళ్ళవి. గూళ్ళ దగ్గరికి మమ్మల్ని పోనిచ్చేవాళ్ళు కాదు. దిబ్బల మీద ముళ్ళ బంతుల్లా దొర్లే గడ్డిని అక్కడివాళ్ళు రావణుడి మీసం అనేవాళ్ళు. ఇసుక ఎగిరిపోకుండా పట్టుకునేది ఆ గడ్డే.

ఇక అది పోయిన తీరు చెప్తాను, ఎందుకంటే మీకు పనికొచ్చేది అదే. ఒక రోజు బుల్డోజర్ వచ్చి ఒక రోజులో పోలేదు. 1990ల్లో క్రీక్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది, దాని బూడిద నీళ్ళలో చేరడం మొదలైంది. దానికి బొగ్గు దింపడం కోసమని 2001లో ఎన్నూరు పోర్టు మొదలైంది. ఇప్పుడు దాని పేరు కామరాజర్ పోర్టు. తర్వాత దానికి ఉత్తరాన, దీవి మీదే, షిప్‌యార్డూ కాట్టుపల్లి పోర్టూ వచ్చాయి. వాటి కోసం కాట్టుపల్లి కుప్పాన్ని తీరం నుంచి లేపి వేరే చోట పెట్టారు. 2010లో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు వచ్చింది, రోజుకు 10 కోట్ల లీటర్లది. 2017 జనవరిలో పోర్టు బయట రెండు ఓడలు ఢీకొని నూనె ఒలికితే, ఎన్నూరు నుంచి మెరీనా దాకా ఒడ్డుకు కొట్టుకొచ్చిన నల్ల మడ్డిని జనం బకెట్లతో ఎత్తిపోశారు. ఇలా మెల్లగా జరిగింది. ప్రతిసారీ, ఇంకా కొంత మిగిలే ఉంది కదా అనుకునే వీలు ఉండేది. మేం పిల్లలప్పుడు నడిచిన చోటికి నా పిల్లల్ని తీసుకెళ్తే దారిలో గేటు, దాని పక్కన సెక్యూరిటీ. ఐడీ కార్డు చూపించమన్నారు. ఆ పూట కోపం కన్నా దిగులే ఎక్కువ వేసింది.

మీ దీవి విషయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. బీచ్ పోయేది కట్టడం కట్టిన చోట మాత్రమే అనుకోకండి. బీచ్ అంటే స్థలం కాదు, నడిచే ఇసుక. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో కొంత వెనక్కి వస్తుంది, అయినా లెక్క తేలేది ఉత్తరం వైపే. మధ్యలో సముద్రంలోకి రాతి గోడ కడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది.

దీనికి సాక్ష్యం చెన్నై నగరమే. 1870ల్లో హార్బరు పని మొదలుపెట్టాకే మెరీనా ఇంత వెడల్పయింది. అంతకుముందు అలలు సెయింట్ జార్జ్ కోట దగ్గరి దాకా వచ్చేవి. ఆ మేటకు బదులు చెల్లించినవాళ్ళం హార్బరుకు ఉత్తరాన ఉన్నవాళ్ళం. రాయపురం నుంచి తిరువొత్తియూరు దాటి ఎన్నూరు దాకా ఈ రోజు మీకు కనిపించేది బండరాళ్ళ గోడ. మా తాతగారు రాయపురంలో ఇసుక మీద ఆడుకున్న చోటు ఆయన ముసలితనానికే సముద్రంలో ఉంది. మెరీనాని పొగిడేవాళ్ళు ఎవరైనా కలిస్తే ఒకసారి రాయపురం కూడా చూసి రమ్మంటాను.

అదే కథ ఎన్నూరు పోర్టు గోడలతో మళ్ళీ జరిగింది. ఉత్తరాన కాళంజి అనే ఊరి వైపు తీరం కోతకు గురవుతోంది. ఇప్పుడున్న కాట్టుపల్లి పోర్టును సుమారు 330 ఎకరాల నుంచి ఆరు వేల ఎకరాలకు పైగా పెంచాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు (అందులో కొంత సముద్రాన్నే పూడ్చి చేసేది) పులికాట్ చుట్టుపక్కల కుప్పాలవాళ్ళంతా వద్దని ఉద్యమించింది అందుకే. సముద్రానికీ సరస్సుకీ మధ్య ఉన్న ఆ సన్నటి గట్టు తెగితే పులికాట్ సరస్సు ఇక సరస్సుగా ఉండదని వాళ్ళ భయం. ఆ సరస్సులో ఏ రోజు ఏ ఊరివాళ్ళు వల వెయ్యాలో పాడు అనే వంతుల పద్ధతితో తరాలుగా పంచుకుని బతికినవాళ్ళు వాళ్ళు. ఆ నీళ్ళు ఎటు పోతాయో వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. 2021 జనవరిలో పెట్టదలచిన ప్రజాభిప్రాయ సేకరణ వాయిదా పడింది. 2023 సెప్టెంబరులో మళ్ళీ పెట్టబోయి మళ్ళీ ఆపారు.

కాబట్టి మీ దీవిలో రిసార్టు ఎన్ని గదులన్నదాని కన్నా ముందు జెట్టీ ఎలా కడుతున్నారో కనుక్కోండి. స్తంభాల మీద కడితే కింద నుంచి నీళ్ళూ ఇసుకా చాలావరకు పోతాయి. రాళ్ళు పోసి గట్టులా కడితే ఇసుక అక్కడే ఆగిపోతుంది. మీకు ఇష్టమైన బీచ్ ఆ జెట్టీకి ఏ పక్కన ఉందో, అక్కడ ఇసుక ఎటు నడుస్తుందో దీవిలో పడవ నడిపే ఎవరిని అడిగినా చెప్తారు. జెట్టీ దూరంగానే కదా అని ఊరుకోవద్దు.

వెళ్ళినప్పుడు ఊరికే సూర్యాస్తమయం ఫోటోలు తీసుకుని రాకండి. కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి, లైట్‌హౌస్ గానీ, గుడి గానీ, పెద్ద చెట్టు గానీ. అక్కడ నిలబడి నీటి అంచు దాకా ఎన్ని అడుగులుందో కొలిచి, తేదీతో ఫోటో తీయండి. పాత ఆల్బమ్‌లో అదే చోట తీసిన ఫోటో ఉంటే దాని పక్కన పెట్టండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ ఉపగ్రహ చిత్రాలు ఉచితంగానే చూడొచ్చు. మా తీరానికి సంబంధించి నా దగ్గర ఉన్నవన్నీ మామయ్య కెమెరాతో తీసిన మా మొహాలే. వెనక ఉన్న దిబ్బ ఒక్క ఫోటోలో కూడా పూర్తిగా లేదు. ఆ దిబ్బ ఎంత ఎత్తుండేదో ఇప్పుడు ఎవరికైనా చూపించాలంటే చూపించలేను.

ఇక మీ రెండో ప్రశ్న. బాధపడటం సబబే. సొంతం కానిదాన్ని ప్రేమించడం తప్పేమీ కాదు, బీచ్ అసలు ఎవరి సొంతమూ కాదు. కాకపోతే మన బాధ కన్నా ముందు అక్కడ బతికేవాళ్ళ మాట వినాలి, అది ఒక్కలా ఉండదు కూడా. పడవాయన వేట మానేశాడు, క్రీక్‌లో రొయ్య తగ్గిపోయిందని. వాళ్ళబ్బాయి మాత్రం పోర్టులో ఉద్యోగం పర్మినెంట్ చేయమని అడుగుతున్నాడు. ఆ ఇంట్లో ఇద్దరూ నిజమే చెప్తున్నారు. నడుంలోతు నీళ్ళలో నిలబడి, తాటాకు బుట్టను పళ్ళ మధ్య కరిచి పట్టుకుని, చేతులతో రొయ్యలు ఏరే ఇరుళ తెగ కుటుంబాలకు మాత్రం ఆ ఉద్యోగాల ఊసే లేదు. నా మట్టుకు నాకు, ఉత్తర చెన్నైలో మా కుళాయికి వచ్చిన నీళ్ళలో ఆ సముద్రపు నీటి ప్లాంటు నీళ్ళు ఉన్నాయి, మా ఇంట్లో వెలిగే దీపంలో ఆ బొగ్గు ఉంది. అందుకే నేను నోరు మూసుకోవాలని కాదు, ఇంకా గట్టిగా మాట్లాడాలని అనుకుంటాను. మా నగరం కోసమే జరిగింది కాబట్టి ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడిందో చెప్పే బాధ్యత మాది.

దీనికి కోర్టులు, కార్యకర్తలే కానక్కర్లేదు. పెద్ద పోర్టు లాంటి ప్రాజెక్టు అయితే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి, కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటించాలి. పర్యావరణ నివేదిక ముసాయిదా కలెక్టర్ ఆఫీసులో చూడటానికి పెట్టాలి, దాని సారాంశం స్థానిక భాషలో ఉండాలి. సభకు వెళ్ళలేనివాళ్ళు, దూరంగా ఉన్నవాళ్ళు రాతపూర్వకంగా అభిప్రాయం పంపొచ్చు. మీలాంటి వారికి దారి అదే. చిన్న రిసార్టుకు ఆ సభ ఉండకపోవచ్చు గానీ తీరప్రాంత అనుమతి కావాలి. అండమాన్, లక్షద్వీప్ అయితే దీవుల కోసం విడిగా నోటిఫికేషన్లు ఉన్నాయి, కాబట్టి మామూలు తీరం నియమాలు చూసి పొరపడకండి. అనుమతి ఇచ్చేస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులే గడువు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. లక్షద్వీప్ కేసులు చెన్నై బెంచ్‌కి వస్తాయి, అండమాన్‌వి కోల్‌కతాకి.

అభిప్రాయం రాసేటప్పుడు అందమైన బీచ్ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ నెలలో ఏ చోట తాబేలు గూళ్ళు చూశారో, మంచినీటి బావి ఎక్కడుందో, పడవలు ఎక్కడ లాగి పెడతారో, నీటి అంచు ఎన్నేళ్ళలో ఎంత జరిగిందో రాయండి. నివేదికలో అక్కడ గూళ్ళు లేవని ఉండి, మీ దగ్గర తేదీతో ఫోటో ఉంటే దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది.

పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. మీరు దీవి పేరు రాయలేదు. పేపర్లో వచ్చిన ఆ వార్త, అధికారిక నోటీసు ఏదైనా ఉంటే అది కూడా ఇక్కడ పెట్టండి. జెట్టీ ఏ రకమో, గడువు ఎప్పటిదాకా ఉందో చదివి చెప్తాను. అభిప్రాయం రాయడంలో సాయం కావాలన్నా చేస్తాను.