పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు: సన్మానం ఎవరికి, ఎలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఆన్‌లైన్‌లో నడిచే సాంకేతిక బృందాలను నిలబెడుతున్న సభ్యులను ఎలా గుర్తించాలన్నదే ఆ విషయం. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాము.

ప్రశ్న: బోరు మోటార్ల స్టార్టర్లు, మొబైల్ ద్వారా మోటారును ఆన్, ఆఫ్ చేసే పరికరాలు, డ్రిప్ టైమర్లు, వీటి మరమ్మతుల గురించి మేము ఆన్‌లైన్‌లో ఒక గ్రూపు నడుపుతున్నాము. అనంతపురం, కళ్యాణదుర్గం, ధర్మవరం వైపు ఎలక్ట్రీషియన్లు, రైతులు, కొందరు ఇంజనీరింగ్ అధ్యాపకులు ఇందులో సభ్యులు. గ్రూపుకు ఐదేళ్లు నిండుతున్న సందర్భంగా ఎక్కువ సమాధానాలు రాసిన పదిమందికి శాలువా కప్పి జ్ఞాపికలు ఇవ్వాలనుకున్నాము. ఆ మాట బయటికి రాగానే "ఎక్కువ రాసినవాళ్లే గొప్పవాళ్లా?" అని కొందరు అభ్యంతరం చెప్పారు. వారి మాటలో న్యాయం ఉందా?
– ఒక అడ్మిన్, అనంతపురం

సమాధానం: ఉంది. ఎక్కువ రాసినవారికి గౌరవం దక్కకూడదని మేము అనడం లేదు. వారిలో చాలామంది నిజంగా అర్హులే అయి ఉంటారు. కానీ లెక్కను బట్టి బహుమతి ఇస్తామని ఒకసారి ప్రకటించిన తర్వాత, ఆ లెక్క పెంచుకోవడమే కొందరికి పని అవుతుంది. దీనికి 2020లో జరిగినది మంచి ఉదాహరణ. డిజిటల్ ఓషన్ అనే సంస్థ 2014 నుంచి ప్రతి అక్టోబరులో 'హ్యాక్టోబర్‌ఫెస్ట్' నిర్వహిస్తున్నది. ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు నిర్ణీత సంఖ్యలో మార్పులు పంపినవారికి టీషర్టు ఇవ్వడం అప్పటి పద్ధతి. ఆ ఏడాది టీషర్టు కోసం వేలాదిమంది ఒక పత్రంలో ఒక మాట మార్చి, మరొక చోట ఒక విశేషణం చేర్చి పంపారు. వాటిని ఒక్కొక్కటిగా తెరిచి తిరస్కరించే పని జీతం లేకుండా ఆ ప్రాజెక్టులను నడిపేవారి మీద పడింది. కృతజ్ఞత చెప్పడానికి పెట్టిన పండుగ, ఎవరికి కృతజ్ఞత చెప్పాలో వారికే చాకిరీగా మారింది. ఇక మీదట తాము పాల్గొంటామని ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవి మాత్రమే లెక్కకు వస్తాయని నిర్వాహకులు అక్టోబరు మొదటి రోజుల్లోనే నిబంధన మార్చవలసి వచ్చింది.

మీ గ్రూపులో లెక్కకు అందని పని ఎంత ఉందో ఒకసారి చూడండి. "మోటారు తిరగడం లేదు, ఏం చేయాలి?" అని అడిగేవారు ఎంతమందైనా ఉంటారు. కానీ మూడు ఫేజుల్లోనూ వోల్టేజీ ఎంత చూపిస్తున్నది, బటన్ నొక్కినప్పుడు కాంటాక్టర్ (స్టార్టరులో మోటారుకు కరెంటు కలిపే స్విచ్) పట్టుకుంటున్నదా లేదా, మోటారు హమ్ముమని మూలుగుతున్నదా లేక అసలు శబ్దమే రావడం లేదా అన్నవి రాసి, ప్యానెల్ బోర్డు ఫోటో జతచేసి అడిగే సభ్యుడు ఒకడుంటాడు. ఆ ప్రశ్న చదివినవారికి సమాధానం సగం దొరికినట్టే. అతడు ఒక్క సమాధానం కూడా రాసి ఉండకపోవచ్చు. అయినా అలా అడగడం చూసి మరో ఇరవైమంది అడగడం నేర్చుకుంటారు. ప్రోగ్రామర్లకు బాగా తెలిసిన ప్రశ్నోత్తరాల వెబ్‌సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో కూడా ఈ సంగతి ఆలస్యంగానే ఒప్పుకున్నది. 2008లో మొదలైన ఆ వేదికలో మంచి సమాధానానికి వచ్చే ఒక్కో ఓటుకు 10 పాయింట్లు ఇచ్చేవారు, ప్రశ్నకు వచ్చే ఓటుకు మాత్రం 2010లో 5కు తగ్గించారు. 2019 నవంబరులో ప్రశ్నకు కూడా మళ్లీ 10 చేశారు.

మరొకరు, సలహా ప్రకారం చేసి చూసి తిరిగి వచ్చి ఫలితం చెప్పేవారు. "మీరు చెప్పినట్టు కెపాసిటర్ మార్చాను, అయినా తిరగలేదు, విప్పి చూస్తే కాంటాక్టర్ పాయింట్లు కాలిపోయి ఉన్నాయి" అని రాసినవాడి ఆ రెండు వాక్యాలు, వచ్చే వేసవిలో అదే ఇబ్బంది పడే రైతుకు పది పాండిత్య ప్రసంగాలకంటే ఎక్కువ ఉపయోగపడతాయి.

వీరందరికంటే ముందు నిలబెట్టవలసిన సభ్యుడు ఇంకొకడున్నాడని మా అభిప్రాయం. మోటారు మీద భారం మితిమీరితే దాన్ని ఆపేసే ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతున్నదంటే "దాన్ని తీసేసి డైరెక్టుగా కలిపేయండి" అని ఎవరో ఒకరు తప్పక చెబుతారు. పంట ఎండిపోతున్న తొందరలో ఉన్న రైతుకు ఆ మాట తీయగా వినిపిస్తుంది. అప్పుడు మధ్యలోకి వచ్చి, అలా చేస్తే ఒక ఫేజు పోయినప్పుడు మోటారును ఆపేది ఏదీ ఉండదని, వైండింగు కాలిపోతుందని ఓపికగా వివరించి, తిట్లు తిని కూడా వెనక్కి తగ్గని మనిషి పేరు మీ పదిమంది జాబితాలో ఉన్నదా? జరగకుండా ఆగిపోయిన నష్టం ఏ లెక్కలోనూ కనబడదు కనుక ఉండకపోవచ్చునని మా అనుమానం.

ఈ పనులకు వేర్వేరు పేర్లు పెట్టి గుర్తించే పద్ధతి, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన 'కెర్నెల్' రూపకర్తలలో ఎప్పటినుంచో ఉన్నది. అక్కడ ఒక మార్పు చేర్చినప్పుడు దాని కింద రాసినవారి పేరుతో పాటు, లోపాన్ని కనిపెట్టి తెలిపినవారు ఎవరు, పరీక్షించి చూసినవారు ఎవరు, తప్పులు సరిచూసినవారు ఎవరు అన్నది వేర్వేరు పంక్తులలో శాశ్వతంగా నమోదు చేస్తారు. లోపం తెలిపినవారికి పేరు దక్కితే వారు మళ్లీ సహాయం చేయడానికి ఉత్సాహపడతారన్న ఆశను ఆ ప్రాజెక్టు మార్గదర్శకాలే ప్రకటిస్తున్నాయి. మీరు కూడా పదిమంది జాబితా పక్కన పెట్టి, ఏ పనికి ఎవరు అన్న ప్రకారం ఎంచుకోండి. ఎంపికను అడ్మిన్లే చేయకుండా "ఎవరి మాట వల్ల మీ మోటారు బతికింది?" అని సభ్యులనే అడిగితే, మీరు ఊహించని పేర్లు కొన్ని బయటికి వస్తాయి.

జ్ఞాపికల ఖర్చు గురించి కూడా రాశారు. ఖర్చు పెద్దగా అవసరం లేదనడానికి ఆధారం ఉన్నది. వికీపీడియాలో సభ్యులు ఒకరి పేజీలో ఒకరు పెట్టుకునే 'బార్న్‌స్టార్' అనే నక్షత్రపు బొమ్మకు రూపాయి విలువ లేదు. అత్యధికంగా కృషి చేస్తున్న ఒక శాతం సభ్యులలో అంతవరకు ఆ బొమ్మ అందుకోని 200 మందిని తీసుకొని, యాదృచ్ఛికంగా సగం మందికి దానిని ఇచ్చి చూసిన ఇద్దరు పరిశోధకులు, అందుకున్నవారి కృషి తక్కినవారితో పోలిస్తే 60 శాతం పెరిగిందని 2012లో ప్రచురించారు. జర్మన్ వికీపీడియాలో కొత్తవారికి ఇలాంటి గుర్తింపే ఇస్తే కొనసాగినవారి సంఖ్య 20 శాతం పెరిగిందని 2017లో మరొక అధ్యయనం తెలిపింది. ఈ రెండోది మీరు ప్రత్యేకంగా గమనించాలి. మనవాళ్లు శాలువాను పాతకాపుల కోసమే దాచిపెడతారు. నిన్న మొన్న చేరి మొదటి మంచి సమాధానం రాసిన ఐటీఐ కుర్రవాడికి ఆ రోజే పదిమందిలో చెప్పిన ఒక మెచ్చుకోలు మాట, అతడిని గ్రూపులో నిలబెట్టగలదు.

ప్రశంసాపత్రంలో "మీ అమూల్య సేవలకు" అన్న మాట మాత్రం దయచేసి రాయవద్దు. అది ఎవరికైనా సరిపోతుంది కనుక ఎవరికీ చెందదు. ఏ సమస్యకు, ఎప్పుడు, ఏమి చెప్పారు, దానివల్ల ఎవరికి ఏమి మేలు జరిగింది అన్నది రెండు వాక్యాలలో రాయండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని. ప్రోగ్రామింగ్‌లో నాకు వచ్చే సందేహాలను ఆన్‌లైన్‌లో ముఖపరిచయం లేని పెద్దలు తీరుస్తున్నారు. వారికి తిరిగి ఇవ్వగలిగినంత విద్య నా దగ్గర లేదు. ప్రతిసారీ చేతులు జోడించే బొమ్మ పెట్టడం నాకే ఎబ్బెట్టుగా ఉంది.
– ఒక విద్యార్థిని, కర్నూలు

సమాధానం: బొమ్మ పెట్టడం తప్పు కాదమ్మా, కానీ దాని వెంట ఒక వాక్యం జోడించు. వారు చెప్పినది పనిచేసిందా, ఎంతవరకు పనిచేసింది, నీవు ఇంకా ఏమి మార్చవలసి వచ్చింది అన్నది రాయి. సరైన సమాధానాన్ని గుర్తించే ఏర్పాటు ఉన్న వేదికలలో తప్పకుండా గుర్తించు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో అలా గుర్తిస్తే సమాధానం రాసినవారికి 15 పాయింట్లు, గుర్తించిన నీకు 2 పాయింట్లు వస్తాయి. ఇక తిరిగి ఇవ్వగలిగిన విద్య లేదనడం నిజం కాదు. నిన్న నీకు అర్థం కాని విషయం ఈ రోజు అర్థమైతే, ఎక్కడ తికమకపడ్డావో ఇంకా గుర్తుండేది నీకే. ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తున్నవారు దానిని ఎప్పుడో మరచిపోయి ఉంటారు. మొదటి సంవత్సరం వారి ప్రశ్నలకు నీవు తెలుగులో సమాధానం రాయడం మొదలుపెడితే, నీకు చెప్పిన పెద్దల మీద ఆ మేరకు భారం తగ్గుతుంది.

ప్రశ్న: మా సాంకేతిక బృందంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఏ ప్రశ్నకైనా ఆయనే సమాధానం. అర్ధరాత్రి కూడా ఆయనకు విడిగా సందేశాలు పంపేవారు, జవాబు ఆలస్యమైతే నిష్ఠూరమాడేవారు ఉన్నారు. కొంతకాలంగా ఆయన మౌనంగా ఉంటున్నారు. ఘనంగా సన్మానిస్తే మళ్లీ చురుకుగా ఉంటారా?
– పాలిటెక్నిక్ అధ్యాపకురాలు, కడప

సమాధానం: అమ్మా, అలసిపోయిన మనిషికి దండ వేస్తే ఆ దండ బరువు కూడా ఆయనే మోయాలి. సన్మానం తర్వాత "ఇంత గౌరవించాము, ఇప్పుడైనా జవాబివ్వరా?" అనే కొత్త నిష్ఠూరం మొదలవుతుంది. ముందు ఆయన మీది భారం దించండి.

ఈ నిర్లక్ష్యం ఎంతదూరం పోగలదో 2024 మార్చిలో ప్రపంచం చూసింది. ఫైళ్లను కుదించే 'ఎక్స్‌జెడ్' అనే చిన్న సాఫ్ట్‌వేర్ దాదాపు ప్రతి లినక్స్ కంప్యూటరులోనూ ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా దానిని ఒకే ఒక వ్యక్తి, జీతం లేకుండా, తీరిక వేళల్లో నడుపుతూ వచ్చారు. కొత్త మార్పులు త్వరగా చేర్చడం లేదని 2022లో కొన్ని ఖాతాల నుంచి ఆయన మీద ఒత్తిడి వచ్చింది. తన ఆరోగ్యం అంతగా బాగుండడం లేదని, ఇది జీతం లేని వ్యాపకమని ఆయన బహిరంగంగానే రాశారు. ఆ సమయంలో ఎంతో ఓర్పుగా, వినయంగా సహాయం చేస్తూ దగ్గరైన మరొక ఖాతాకు క్రమంగా బాధ్యతలు అప్పగించారు. చివరకు ఆ ఖాతా నుంచే 5.6.0, 5.6.1 సంచికలలోకి, ఇతరుల కంప్యూటర్లలోకి రహస్యంగా చొరబడే దొంగదారి చేరింది. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమిటని అనుమానించి తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వల్ల అది విస్తృతంగా పాకకముందే పట్టుబడింది. నేరం చేసినవారి సంగతి అలా ఉంచి, వాడుకునేవారు అన్ని లక్షలమంది ఉండగా ఆ అలసిన మనిషికి చేయి అందించడానికి వచ్చినది ఒక్క మోసగాడు మాత్రమే కావడం గురించి మీ బృందంలో చర్చ పెట్టండి.

మీరు చేయదగినవి ఇవి. వ్యక్తిగత సందేశాలకు జవాబు ఉండదని, ప్రశ్న అందరి ముందే అడగాలని బృందం పేరు మీద నిబంధన పెట్టండి. ఆ మాట ఆయన నోటితో చెప్పించకండి. ఆయన ఇదివరకు ఇచ్చిన జవాబులను విషయాలవారీగా కూర్చి ఒకచోట పెట్టే పనిని ముగ్గురు నలుగురు పంచుకోండి. దానివల్ల అడిగిందే అడగడం తగ్గుతుంది, ఆయన రాసినది పోకుండా నిలుస్తుంది. ఆ కూర్పు ఆయన చేతికి అందిన రోజున శాలువా కప్పితే దానికి అర్థం ఉంటుంది. మౌనానికి కారణం అలసటే అని మనం ఊహిస్తున్నాము గాని, ఆయనను అడిగినట్టు మీరు రాయలేదు. ఒకసారి వెళ్లి కలవండి, ప్రశ్నలేవీ వెంట తీసుకువెళ్లకుండా.

డబ్బు ఇస్తే అవమానంగా భావిస్తారేమోనని కూడా సందేహించారు. మీ కడపలోనే బ్రౌన్ దొర తాళపత్ర ప్రతులను పోల్చి శుద్ధప్రతులు తయారు చేయడానికి పండితులను పెట్టుకొని, సొంత డబ్బుతో జీతాలిచ్చాడు. నేడు ఆయన పేరిట గ్రంథాలయం నిలిచిన చోటు ఆ పని సాగిన బంగళా స్థలమే. విద్యకు వెల కట్టినట్టవుతుందని ఆ పండితులు ఆ జీతాలను కాదనలేదు. ఒక్కొక్క సమాధానానికి ఇంత అని ఇవ్వడం బాగుండదు. కానీ సర్వరు అద్దె, డొమైన్ రుసుము వంటివి ఆయన జేబు నుంచి పోతుంటే, వాటిని సభ్యులందరూ పంచుకోవడానికి ఏ మొహమాటమూ అక్కరలేదు.

ప్రశ్న: మా ఆన్‌లైన్ గ్రూపు సభ్యులలో సగం మంది సేద్యగాళ్లు. సన్మానం పొందే సభ్యుల పేర్లు, ఫోటోలు, ఫోన్ నంబర్లతో ఫ్లెక్సీ వేయించి ఆన్‌లైన్‌లో కూడా పెట్టాలనుకుంటున్నాము. కార్యక్రమానికి ఏ రోజు మంచిది? సంస్థల కంప్యూటర్లను, సర్వర్లను చూసుకునే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ల దినం అని ఒకటి ఉందట కదా?
– కంప్యూటర్ సర్వీసు సెంటరు యజమాని, గుంతకల్లు

సమాధానం: ఫోన్ నంబర్లు వద్దే వద్దు. పేరు, ఫోటో వేయడానికి కూడా ఒక్కొక్కరినీ విడిగా అడగండి. ముఖ్యంగా మహిళా సభ్యులను, మారుపేరుతో రాసేవారిని. లోపాన్ని ఎవరైనా చాటుగా తెలిపి ఉంటే వారి అనుమతి అడిగిన తర్వాతే పేరు నమోదు చేయాలని లినక్స్ కెర్నెల్ వారి నియమం. మీరూ అదే పాటించండి. వద్దన్నవారికి విడిగా ఒక ఉత్తరం రాస్తే చాలు.

మీరు విన్న దినం నిజమే. 2000లో అమెరికాలో ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ మొదలుపెట్టినది; ఏటా జూలై చివరి శుక్రవారం జరుపుకుంటారు. అయితే వాన పడితే మన వైపు వేరుశనగ విత్తనం పడే నెల అది. మీ సభ్యులలో సగం మంది సేద్యగాళ్లని మీరే రాశారు గనుక, ఆ రోజు హాలు అద్దెకు తీసుకుంటే కుర్చీలు మిగులుతాయి. వేసవిలో పెడదామంటే బోర్లు, మోటార్ల పని ఊపిరాడనివ్వదు. పంట ఇంటికి చేరిన తర్వాత, సంక్రాంతికి ముందు ఒక ఆదివారం పెట్టుకోండి. రాలేనివారు ఉంటారు కనుక ఫోనులో చూసే ఏర్పాటు కూడా చేయండి.