కొరియా చరిత్ర, సాహిత్యం ఇంగ్లీషులో చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ ప్రశ్న అడిగిన మీరు కొరియన్ సీరియళ్లు చూసి ఆసక్తి పుట్టిందన్నారు, కొరియన్ భాష రాదన్నారు, నాదీ అదే పరిస్థితి. నేను మొదట ఒక లావుపాటి చరిత్ర పుస్తకం కొనుక్కుని గోగుర్యో, బెక్జే, శిల్లా అంటూ మూడు రాజ్యాల దగ్గర్నుంచి వరసగా చదవబోయా, రాజుల పేర్లన్నీ కలగాపులగమైపోయి నెల తిరక్కుండానే ఆపేశా. మీరు మాత్రం అటు వెళ్లకండి, ముందు ఒక్క మనిషి చెప్పుకున్న కథ పట్టుకోండి, దాని చుట్టూ ఉన్న చరిత్ర తర్వాత మీరే వెతుక్కుంటారు.

నాకలా దొరికింది లేడీ హ్యేగ్యోంగ్ జ్ఞాపకాలు. జహ్యున్ కిమ్ హబూష్ ఇంగ్లీషు అనువాదం, 1996లో వచ్చింది. ఈవిడ అప్పట్లో కొరియాని ఏలిన జోసన్ వంశపు యువరాజు సాదో భార్య, తొమ్మిదేళ్ల వయసులో ఆ ఇంటి కోడలైంది. 1762 ఎండాకాలంలో మామగారు యోంగ్జో రాజు కన్నకొడుకుని బియ్యం పెట్టెలోకి ఎక్కించి మూత వేయించాడు, ఎనిమిది రోజులకి ప్రాణం పోయింది. అప్పటికి ఈవిడ కొడుక్కి పదేళ్లు కూడా నిండలేదు, 1776లో ఆ పిల్లాడే రాజయ్యాడు. అరవయ్యేళ్లప్పుడు, 1795లో, ఈ జ్ఞాపకాల్లో మొదటి భాగం రాసింది, కొడుకు పోయాక 1801 నుంచి 1805 లోపు ఇంకో మూడు భాగాలు రాసింది. సాదో మతిస్థిమితం తప్పిన తీరు, ఒక జత బట్టలు తొడుక్కోవడానికి ఎన్నో జతలు తగలబెట్టాల్సి రావడం, నౌకర్లని చంపడం, అన్నీ చివరి దాంట్లోనే చెప్పింది. భర్తదే తప్పని గానీ మామదే తప్పని గానీ తేల్చదు, తండ్రి కాఠిన్యమూ నిజమే, ఆ జబ్బూ నిజమే అంటుంది. నాకు రెండు రాత్రులు నిద్రపట్టలేదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, తన పుట్టింటివాళ్ల మీద పడ్డ నిందలు తుడవడానికి కూడా రాసింది, అది మనసులో ఉంచుకునే చదవాలి.

ఇంకో విషయం, పేర్లు. కొరియన్ పేర్లని ఇంగ్లీషులో రాయడానికి పాత పద్ధతి ఒకటుంది, 2000లో ప్రభుత్వం తెచ్చిన కొత్త పద్ధతి ఇంకోటి. ఈవిడ కొడుకు పేరే ఒక పుస్తకంలో చోంగ్జో అని, ఇంకోదాంట్లో జోంగ్జో అని ఉంటే ఇద్దరు రాజులేమో అని చాలా రోజులు తికమకపడ్డా. పేరు దొరక్కపోతే క-గ, చ-జ, ప-బ ఒకదాని బదులు ఇంకోటి పెట్టి వెతకండి, దొరుకుతుంది.

ఇటీవలి కాలానికొస్తే పాక్ వాన్-సో రాసిన 'హూ ఏట్ అప్ ఆల్ ది షింగా' చదవండి. జపాన్ పాలనలో పల్లె నుంచి సియోల్ వచ్చిన పిల్ల, 1950 యుద్ధం దాకా తన బతుకంతా చెప్తుంది. షింగా అంటే పుల్లటి కాడ ఉండే పిచ్చిమొక్క, మనం పులిచింతాకు నమిలినట్టు ఊళ్లో పిల్లలు నములుతారు, సియోల్లో అది కనపడక వెతుక్కుంటుంది. నాకు మా ఊరి చేనుగట్టు గుర్తొచ్చి పుస్తకం కాసేపు మూసేశా. ఆ తర్వాత 2024 నోబెల్ వచ్చిన హాన్ కాంగ్ 'హ్యూమన్ యాక్ట్స్', 1980 మేలో గ్వాంగ్జులో సైన్యం జనాన్ని కాల్చిన సంగతి. బరువైన పుస్తకం, మనసు బాగోలేనప్పుడు ముట్టుకోకండి.

హ్యేగ్యోంగ్ పుస్తకం తెరిస్తే మాత్రం 1805 నాటి భాగం ముందు చదివి అప్పుడు 1795 దానికి రండి. మొదటి దాంట్లో భర్త చావు దగ్గర పెద్దగా ఏమీ చెప్పకుండా దాటేస్తుంది. ఏం దాటేసిందో తెలిసి చదివితే ఆ పేజీలు వేరేగా ఉంటాయి.