ఫోను రానివాళ్లకు క్యూఆర్ కోడ్ కరపత్రమా?

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలో ఆదివారాలు పెద్దవాళ్లకు స్మార్ట్‌ఫోను వాడకం నేర్పుతున్నాం. కరపత్రం మీద వేసిన క్యూఆర్ కోడ్ రెండు వారాలకే ఆగిపోయింది. ఫ్లెక్సీ షాపులో తెలుగు అక్షరాలు విరిగిపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: అక్షరాల సంగతి చిన్నది. షాపులో పేజీలు కూర్చడానికి ఉన్నది పాత పేజ్‌మేకరూ అను ఫాంట్లూ. మీరు ఫోనులో కొట్టింది యూనికోడ్, అంటే ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ వాడే అక్షరాల పద్ధతి. అది ఆ పాత సాఫ్ట్‌వేరుకు ఎక్కదు. ‘మండలి’ అనే యూనికోడ్ ఫాంటులో మీరే కంపోజ్ చేసి పీడీఎఫ్ ఇవ్వండి. అచ్చుకు ముందు ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో ఒత్తులు విరగలేదేమో దగ్గరగా చూసుకోండి.

నా భయమంతా ఆ కోడ్ గురించే. ఉచితంగా చేసిచ్చే సైట్లలో చాలా ఇచ్చేది డైనమిక్ కోడ్. అందులో ఉండేది మీ లింకు కాదు, వాళ్లది. గడువు తీరగానే ఆపేస్తారు, లేదా ప్రకటనల పేజీకి మళ్లిస్తారు. మీ ఊరివాళ్లు ఎక్కడ తేలతారో నిర్ణయించేది వాళ్లే. వేసి తీరాలంటే మీ లింకే నేరుగా ఉండే స్టాటిక్ కోడ్ వేయండి. అయినా బస్టాండులో కట్టిన ఫ్లెక్సీ మీద ఎవడో ఇంకో స్టిక్కర్ అంటిస్తే చూసేదెవరు? కిరాణా కొట్లలో పేమెంట్ కోడ్‌ల మీద జరిగింది అదే కదా.

మా అత్తగారి ఊళ్లో ఇలాంటి తరగతికే వెళ్లాను. ఒక పెద్దావిడ కరపత్రంలోని గళ్లను వేలితో తడిమి, “ఇదేం ముగ్గు నాయనా?” అంది. ఆమెకు మనం నేర్పే మొదటి పాఠం ‘ముగ్గు కనిపిస్తే స్కాన్ చెయ్’ అనా? రేపు వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైలు (ఫోనులోకి యాప్ ఎక్కించే ఫైలు) వస్తే, అదే నమ్మకంతో నొక్కేస్తుంది.

పల్లెవాళ్లకు డిజిటల్ పాఠాలు నేర్పడానికి 2017లో కేంద్రం తెచ్చిన పీఎంజీదిశా పథకం ఇంటికొకరి చొప్పున, 14 నుంచి 60 ఏళ్లవాళ్లకే నేర్పింది. అరవై దాటినవాళ్లు అందులో లేరు. వాళ్లే ఇప్పుడు మీ గుమ్మం ఎక్కుతున్నారు. వాళ్ల కరపత్రం మీద సగం జాగా నాయకుల ఫొటోలకు పోతే నాకు ఒళ్లు మండుతుంది. ‘డిజిటల్ అక్షరాస్యత’ అన్న మాట తీసేయండి. ‘ఫోనులో కరెంటు బిల్లు కట్టడం, దుబాయ్‌లో ఉన్న కొడుకుతో వీడియో కాల్ మాట్లాడటం నేర్పుతాం’ అని పెద్దక్షరాల్లో వేయండి. చోటు, వారం, వేళ ఉండాలి. ‘ఇక్కడ ఆధార్, ఓటీపీ ఎవరూ అడగరు’ అన్న వాక్యం, దాని పక్కనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 తప్పనిసరి.

కింద మీ ఫోను నంబరు వేయండి. వాలంటీరు అమ్మాయి సొంత నంబరు మాత్రం వద్దు. పాత కీప్యాడ్ ఫోనులో వేరే సిమ్ వేసి గ్రంథాలయం బల్ల మీద ఉంచండి.