హాలిఫాక్స్ పేలుడులో పోయిన స్కూనర్ ముక్కలు ఎక్కడైనా మిగిలాయా?

1917లో కెనడాలోని హాలిఫాక్స్ హార్బర్‌లో జరిగిన పేలుడులో సెయింట్ బెర్నార్డ్ అనే చెక్క స్కూనర్ (తెరచాప ఓడ) నాశనమైందని ఒకరు చదివారట, దాని ముక్కలైనా చూడొచ్చా అని అడిగారు. నేను ఉద్యోగం కోసం వచ్చి ఇదే ఊళ్ళో ఉంటున్నాను, ఓడల చరిత్ర చూపించే మ్యారిటైమ్ మ్యూజియంకి చాలాసార్లు వెళ్ళాను. ఆ స్కూనర్‌ది అని రాసి పెట్టిన ముక్క నాకైతే ఒక్కటీ కనబడలేదండి.

అసలు మిగిలే అవకాశం ఎక్కడిది? పాపం ఆ స్కూనర్ చేసిందేమీ లేదు, ఓడలు కట్టే రేవు పియర్ 6 దగ్గర కట్టేసి ఉంది, అంతే. డిసెంబర్ 6 పొద్దున నారోస్ అనే ఇరుకు పాయలో నార్వే ఓడ ఇమో, ఫ్రెంచ్ ఓడ మోంట్ బ్లాంక్‌ని గుద్దింది. మోంట్ బ్లాంక్ నిండా పిక్రిక్ యాసిడ్, టీఎన్‌టీ, గన్‌కాటన్ లాంటి పేలుడు పదార్థాలు, పైన డెక్ మీద డ్రమ్ముల్లో బెంజాల్ అనే తేలిగ్గా అంటుకునే ఇంధనం. ఆ బెంజాల్ కారి అంటుకునేసరికి సిబ్బంది పడవలెక్కి అవతలి ఒడ్డున ఉన్న డార్ట్‌మౌత్ వైపు తప్పించుకున్నారు, మండుతున్న ఓడేమో తనంతట తాను కొట్టుకొచ్చి సరిగ్గా ఆ పియర్ 6కే తగులుకుంది. ఒడ్డున జనం నిలబడి చోద్యం చూస్తున్నారు, స్టెల్లా మారిస్ అనే టగ్ (ఓడల్ని లాగే చిన్న ఓడ) దాన్ని పక్కకి లాగుదామని తంటాలు పడుతోంది, ఈలోగా 9:04కి పేలింది. దాదాపు 3 కిలోటన్నుల టీఎన్‌టీకి సమానమంటారు. 1,700 మందికి పైగా చచ్చిపోయారు. మోంట్ బ్లాంక్ లంగరు కాడ, అరటన్ను పైచిలుకు బరువున్న ఇనుము, 3 కిలోమీటర్ల అవతల పడింది. ఆ మోంట్ బ్లాంక్ పక్కనే కట్టేసి ఉన్న చెక్క ఓడ గతి ఏంటో వేరే చెప్పాలా?

మాది తాళ్ళరేవు వైపు. చెక్క నావలు కట్టడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. పలకల సందుల్లో నార కుక్కి పైన తారు పూస్తారు, అలాంటిదానికి మామూలు నిప్పు తగిలినా చాలు. ఇక్కడ నిప్పుతో పాటు పేలుడు, వెంటనే సునామీలాంటి అల కూడా. ఇమోని ఆ అలే ఎత్తి అవతలి ఒడ్డున పడేసింది, కానీ అది ఇనుప ఓడ కాబట్టి తర్వాత మళ్ళీ నీళ్ళలోకి లాగి బాగుచేసుకున్నారు. స్కూనర్‌కి ఆ అవకాశం కూడా లేదు. చాలామంది రాతల్లో ఆ రెండు ఓడల పేర్లే ఉంటాయి, దీనికి ఒక్క వాక్యం దక్కితే గొప్ప, అది నాకు కాస్త అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇటు వస్తే మాత్రం మ్యూజియంలో మోంట్ బ్లాంక్ ఇనుప ముక్కలు దగ్గరగా చూడండి, మందపాటి రేకు కూడా తడిబట్ట పిండినట్టు మెలితిరిగి ఉంటుంది. బయట కట్టేసిన అకాడియా ఆ రోజు హార్బర్‌లో ఉండి బయటపడిన ఓడే. స్కూనర్ అంటే ఎలా ఉంటుందో చూడాలనుకుంటే ఎండాకాలంలో రండి, బ్లూనోస్ 2 అనే స్కూనర్ అప్పుడప్పుడు ఇక్కడికి వస్తుంది. తర్వాత ఫోర్ట్ నీధమ్ గుట్ట ఎక్కితే ఆ పేలుడుకి గుర్తుగా కట్టిన మోగే గంటల స్మారకం మధ్య సందులోంచి పేలుడు జరిగిన వైపు కనిపిస్తుంది, ఇప్పుడక్కడంతా షిప్‌యార్డు. డిసెంబర్‌లో వస్తే మాత్రం మంచి జాకెట్ తెచ్చుకోండి, ఆ గుట్ట మీద గాలి మామూలుగా ఉండదు.